రెండోసారి తెడ్డు దాటనివాడు

మా బావ అప్పన్న ఇక లేడు. ఆ వార్త మా అక్క పోలమ్మ ఫోను చేసి చెప్పేసరికి నేను విజయనగరం రైతుబజారులో ఆనపకాయ ఎంచుతున్నాను. "ఒరే తమ్ముడా, మీ బావ పోనాడ్రా" అంది. సరే అన్నాను. ఫోను జేబులో పెట్టుకుని, చేతిలో ఉన్న కాయను గోటితో గిల్లి, లేతదేనని చూసుకుని, సంచిలో వేసుకుని బస్సెక్కాను. భోగాపురం దగ్గర దిగి, విమానాశ్రయం కోసం వేసిన కొత్త రోడ్డు దాటి, ఆటోలో సముద్రం వైపు వెళ్లేంతసేపూ ఆ సంచి నా ఒళ్లోనే ఉంది. శవం పక్కన కూర్చున్నాక కూడా చాలాసేపు ఉంది. ఎవరో తీసి లోపల పెట్టారు. ఇటువంటి సంస్మరణ వ్యాసాల్లో "నిశ్చేష్టుడనయ్యాను" అని రాయడం ఆచారం. తెలుగు పండితుడిగా ఆ మాటను ఎన్నో తరగతుల్లో బోర్డు మీద రాసి అర్థం చెప్పాను. ఆనపకాయ సంచి పట్టుకుని ఆత్మీయుడి శవం ముందు కూర్చోవడమే దాని అర్థమని ఆ రోజు తెలిసింది.

ఉదయం ఒడ్డున కూర్చుని చిరిగిన వల బాగు చేస్తూ పక్కకు ఒరిగాడట. తోటివాళ్లు కునుకు పట్టిందనుకున్నారు. ఎండ మొహం మీదకు వచ్చినా కదలకపోయేసరికి లేపి చూశారు. అంతకు మించిన విశేషం లేదు. మధ్యాహ్నం ఒక విలేఖరి వచ్చి, చూపుడువేలి మీద ఓటు సిరా మచ్చ ఏమైనా మిగిలి ఉందా, ఫొటో తీసుకుంటానని అడిగాడు. ఈ మధ్య ఎన్నికలేవీ జరగలేదు బాబూ అని చెప్పాను. నిరాశగా వెళ్లిపోయాడు. మర్నాడు ఆ విలేఖరి పత్రికలో "శిక్ష అనుభవించి, పరివర్తన చెంది, ప్రజాస్వామ్య స్ఫూర్తిని చాటిన వ్యక్తి" అని రాశారు. పరివర్తన అనే మాట దగ్గర నాకు కోపం వచ్చింది. కారాగారానికి వెళ్లకముందు అప్పన్న ఎటువంటివాడో, వచ్చాక కూడా అటువంటివాడే. మితభాషి, మొండివాడు, ఇచ్చిన మాటకు కట్టుబడేవాడు. ఆయన్ని జైలుకు పంపినవీ ఆ గుణాలే, తర్వాత ఊరితో తగువు తెచ్చినవీ ఆ గుణాలే. ఆ సంగతి తెలిసినవాడు ఎవరో ఒకరు రాయాలి కాబట్టి ఈ నాలుగు మాటలు నేను రాస్తున్నాను.

ఆయన ఊరు గెడ్డమొగ. మా వైపు ఏరును గెడ్డ అంటారు. ఆ గెడ్డ సముద్రంలో కలిసేచోట, ఇవతలి ఒడ్డున ఉన్న ఊరది. అందరూ చేపల వేటకు వెళ్లేవాళ్లే. ఆ ఊరికి ఒక కట్టుబాటు ఉంది. ఊరి పెద్దలు కూర్చునే సావిడి గడపలో ఒక పాత పడవ తెడ్డు అడ్డంగా పెడతారు. ఇంటికొక మగవాడు వచ్చి ఆ తెడ్డు దాటి లోపలికి వెళ్లాలి. దాటాడంటే, లోపల పెద్దలు ఏ నిర్ణయం చేసినా ఆ ఇల్లు దానికి కట్టుబడుతుందని ప్రమాణం చేసినట్టు. దాటినవాడు మాట తప్పినట్టు ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు. అమ్మవారి పండుగకు దాటేవారు, వేట నిలిపే రోజులకు దాటేవారు, ఎన్నికలకూ దాటేవారు. ఎవరికి ఓటెయ్యాలో లోపల పెద్దలు చెబితే, ఊరంతా అలాగే వేసేది.

నేను బడిపంతులుగా కొత్తగా చేరిన రోజుల్లో, గెడ్డకు అవతలి ఊరికీ గెడ్డమొగకూ వలల దగ్గర గొడవ జరిగింది. అవతలి ఊరి మనిషి ఒకడు తెడ్డు దెబ్బ తగిలి చనిపోయాడు. కొట్టినవాడెవరో బయటపడలేదు. పోలీసులు వచ్చి, పేర్లు ఇస్తారా, ఊరంతటినీ పట్టుకెళ్లమంటారా అన్నారు. మగవాళ్లు తోటల్లో దాక్కున్నారు. పడవలు ఒడ్డున ఎండిపోయాయి. అప్పుడు పెద్దలు సావిడి గడపలో తెడ్డు పెట్టారు. దాటినవాళ్లలో ఎవరి పేరు చెబితే వాళ్లు వెళ్లాలి, వెళ్లినవాళ్ల ఇళ్లను ఊరు పోషిస్తుంది, నోరు మాత్రం విప్పకూడదు, అదీ నిర్ణయం. మా బావ దాటాడు. నలుగురి పేర్లు చెప్పారు. పిల్లలు లేరు కాబట్టి మొదటి పేరు ఆయనదే. యావజ్జీవం పడింది. ఆ గొడవ జరిగిన పూట ఆయన సముద్రంలో ఉన్నాడని మా అక్క ఇప్పటికీ అంటుంది. ఆయన మాత్రం అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

సత్ప్రవర్తన కింద విడుదలై వచ్చేనాటికి జుట్టు నెరిసింది. అక్కకు ఊరు ఇచ్చిన మాట నిలబెట్టుకుంది. ఆ ఇంట్లో బియ్యానికి లోటు రాలేదు. అప్పటికి రాములు అనే ఆయన ఊరి పెద్ద. చెడ్డవాడు కాదు. చెడ్డవాడై ఉంటే ఈ వ్యాసం రాయడం నాకు తేలికయ్యేది. ఆయనే ఎదురెళ్లి, బస్సు దగ్గర బావను కౌగిలించుకుని, "నీ వంతు అయిపోనాదిరా అప్పన్నా. ఊరి కోసం అనుభవించినావు. ఇంక కూకో. నువ్వు తెడ్డు దాటక్కర్లేదు" అన్నాడు. అది ఊరిచ్చిన గౌరవం. దాని ఫలితం ఏమిటంటే, ఆయన్ని మరి దేనికీ పిలవలేదు. పండుగ గురించి పిలవలేదు, వేట గురించి పిలవలేదు. ఎన్నికలొచ్చినప్పుడు, జైలుకెళ్లినవాళ్లకు ఓటుండదు కదా అని ఊరు అనుకుంది. ఆయనా అలాగే అనుకున్నాడు. ఊరంతా ఓటుకు వెళ్లిన రోజున ఒడ్డున పడవ నీడలో ఒక్కడే కూర్చున్నాడు.

ఆ తర్వాతి వారం నేను చూడటానికి వెళ్లాను. నా వేలి మీద సిరా చూసి, "ఓటేసినావేటి మేస్టరూ?" అన్నాడు. ఆయన నన్ను ఎప్పుడూ మేస్టరూ అనే పిలిచేవాడు, అందులో ఎగతాళి సగం, ముచ్చట సగం.

"నువ్వెయ్యలేదా బావా?"

"జైలుకెళ్లొచ్చినోడికి ఓటేటిరా."

"ఎవరన్నారు?"

"ఊరు."

లోపల ఉన్నంతకాలమే ఓటుండదని, బయటికి వచ్చాక అందరిలాగే ఉంటుందని, ఎన్నికల్లో నిలబడటానికైతే ఆయనలాంటివారు కొన్నేళ్లు ఆగాలి గాని వెయ్యడానికి ఆగక్కర్లేదని చెప్పాను. ఎన్నికల విధులకు వెళ్లే ఉపాధ్యాయులకు ఈపాటి తెలుస్తుంది. బావ వల పక్కన పెట్టి, "మళ్లీ సెప్పు" అన్నాడు. మళ్లీ చెప్పాను.

"ఆ మాట ఎవులు రాసినారు?"

"చట్టంలో ఉంది బావా."

"సట్టంలో నా గురించి రాసినారేటి?"

ఏం చెప్పను, రాశారన్నాను. వల మళ్లీ ఒళ్లోకి లాక్కుని, "అయితే మేస్టరూ, ఈ సంగతి ఊరికి తెలీదంటావా, తెలిసీ సెప్పలేదంటావా?" అని అడిగాడు.

పేరు నమోదు చేయించడం గురించి పెద్ద కథేమీ లేదు. దరఖాస్తు పెట్టాం. ఉద్యోగి ఒకరు ఇంటికొచ్చి విచారించి వెళ్లారు. పేరు వచ్చింది. కష్టం సర్కారు దగ్గర రాలేదు, సావిడి గడప దగ్గర వచ్చింది. ఎన్నికల ముందు రాములు పెద్ద ఆయన్ని పిలిపించాడు. ఓటు రావడం మంచిదేనని, ఓటున్నవాడు అందరిలాగే తెడ్డు దాటాలని అన్నాడు. గడప బయట నేనూ ఉన్నాను. ఆ మాటలు నా చెవులతో విన్నాను.

"ఒక్కపాలి దాటినాను బాబూ. అవతలికెళ్లి ఇవతలికి రావడానికి నా వయసంతా పట్టినాది. ఇంక దాటను" అన్నాడు బావ.

"అంటే ఊరి మాట కాదంటావేటిరా?"

"కాదన్లేదు. మీరు సెప్పినోడికే ఏస్తానేమో. ఎయ్యనేమో. ఆ ఒక్కటీ నాకొదిలీండి."

ఆయన వంగి, గడపకు దణ్ణం పెట్టుకుని వచ్చేశాడు. దారిలో నేను చాలా చెప్పాను. అంతపాటి పట్టుదల ఎందుకు, గడప దాటెయ్, తర్వాత డబ్బా ముందు నిలబడి నీకు నచ్చిన మీట నొక్కుకో, చూడొచ్చేవాడెవడు అన్నాను. చదువుకున్నవాళ్లం కదా, ఇటువంటి ఉపాయాలు మాకు చటుక్కున తోస్తాయి. బావ నడక ఆపాడు. "దాటి మాట తప్పమంటావేటి మేస్టరూ? అలాగ తప్పేవోడినైతే ఆ రోజే తప్పుదును కదా. ఇంటికాడే ఉందును కదా" అన్నాడు. నేను ఆ విషయం మళ్లీ ఎత్తలేదు.

బావ ఓటు వేసిన రోజు నేను అక్కడ లేను. శృంగవరపుకోట వైపు ఎక్కడో విధుల్లో ఉన్నాను. అక్క చెప్పగా విన్నది రాస్తున్నాను. రెండు ఊళ్లకూ కలిపి పోలింగు అవతలి ఊరి బడిలో పెడతారు. బావ తెల్ల చొక్కా వేసుకుని వెళ్లి మగవాళ్ల వరుసలో చేరాడు. కాసేపటికి వరుస వంకర పోయిందని పోలీసు గట్టిగా "లైన్" అని అరిచాడట. ఆ అరుపుకు మా బావ గభాలున కింద గొంతుకూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, తల వంచేశాడు. జైల్లో పొద్దునా సాయంత్రం లెక్క చూసేటప్పుడు అలా కూర్చోబెడతారట. మనసు మరిచినా మోకాళ్లు మరవలేదు. వరుసలో ముందువాళ్లు, వెనకవాళ్లు నిలబడి చూస్తున్నారు. ఆయన లేవడం లేదు. లేవమని ఎవరో చెప్పేదాకా లేవకూడదు కదా.

పక్కన ఆడవాళ్ల వరుసలో నూకాలు ఉంది. ఆనాటి గొడవలో చనిపోయిన మనిషి భార్య ఆమె. ఎవరిని చంపాడని మా బావకు శిక్ష పడిందో, ఆ మనిషి భార్య. ఆమె వరుస విడిచి వచ్చి ఆయన ముందు నిలబడింది. నూకాలు ఆయన్ని కాసేపు చూసి, "లెగు. ఇది బడి" అంది. ఆయన లేచాడు. ఆమె తిరిగి తన చోటుకు వెళ్లి నిలబడింది. ఇద్దరూ ఓట్లు వేసి ఎవరిదారిన వాళ్లు వెళ్లారు. ఈ ఘట్టం మీద నేను చాలాసార్లు ఏదో ఒకటి రాయబోయి మానేశాను. దీనికి నా దగ్గరున్న సంస్కృత పదాలేవీ సరిపోవు.

ఊరు బావను ఏమీ అనలేదు. ఒక్క మాట తూలలేదు. బియ్యం పంపడం కూడా మానలేదు. పడవకు భుజం పెట్టడం మాత్రం మానేశారు. పడవను ఇసుక మీంచి అలల్లోకి దింపాలంటే పదిమంది చేతులు కావాలి. ఎవరి పడవ దిగుతున్నా చుట్టుపక్కలవాళ్లు వచ్చి తొయ్యడం ఒడ్డున మర్యాద. బావ పడవ దగ్గరికి వచ్చేసరికి అందరికీ ఏదో పని ఉండేది. అక్కా, ఆయనా ఇద్దరే తొయ్యబోయేవారు. పడవ కదిలేది కాదు. అక్క ఏడ్చేది. కొన్ని రోజులు చూసి ఆయన బియ్యం బస్తా భుజాన వేసుకుని వెళ్లి సావిడి అరుగు మీద దించి, "బియ్యం ఒద్దు బాబూ. ఒచ్చి పడవ తొయ్యండి" అని వచ్చేశాడు. ఆ రోజుల్లో ఆయన అన్న మాట నాకు బాగా గుర్తుంది. "జైల్లో అన్నీ ఇచ్చేవోరురా. తిండి, బట్ట, మందు. అడగడం ఒక్కటీ ఒద్దనేవోరు. ఊళ్లోనూ అలగే ఉన్నాది."

మొదట వచ్చి భుజం పెట్టినవాడు ఎర్రయ్య. ఆనాడు పెద్దలు పేర్లు చెప్పిన నలుగురిలో అతనొకడు. మిగతా ఇద్దరిలో ఒకడు జైల్లోనే పోయాడు, ఒకడు వచ్చాక పోయాడు. ఆ తర్వాత ఒక గాలిరోజు ఊరి పెద్ద రాములు పడవ అలల్లో అడ్డం తిరిగితే, మొదట నీళ్లలోకి దిగింది మా బావ. అప్పటినుంచి ఆయన పడవకూ భుజాలు వచ్చాయి. ఎవరూ క్షమాపణ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. సావిడి గడపలో తెడ్డు అలాగే ఉంది. ఎన్నికలొస్తే అందరూ దాటేవారు, ఆయన దాటేవాడు కాదు. ఊరు దానికి అలవాటు పడింది. అలవాటు పడటాన్ని విజయం అనవచ్చునో లేదో నాకు తెలియదు. పత్రికవారైతే అంటారు.

ఎర్రయ్యను ఓటుకు తీసుకెళ్లినప్పుడు బావ ఒక పద్ధతి కనిపెట్టాడు. వరుసలో సరిగ్గా అతని వెనక నిలబడి, ఒక చెయ్యి అతని భుజం మీద వేసి ఉంచేవాడు. పోలీసు అరిచినా, ఎవరైనా గద్దించినా, ఆ చెయ్యి గట్టిగా పట్టుకునేది. "మోకాళ్లు ఒంగనీకు. నిలబడే ఎయ్యాలి" అని చెవిలో చెప్పేవాడు. తర్వాత జైల్లో పరిచయమైనవాళ్లను వెతుక్కుంటూ వెళ్లడం మొదలుపెట్టాడు. శృంగవరపుకోట సంతలో ఒకతన్ని పట్టుకున్నాడు. పాతపట్నం అవతల, ఒరియా కలిపి మాట్లాడే రైతు ఒకతని కోసం రెండు బస్సులు మారి వెళ్లాడు. వెళ్లి ఉపన్యాసాలేమీ ఇవ్వలేదు. ఓటు మాట మొదట ఎత్తేవాడే కాదు. రేషను దుకాణం దగ్గర, ఆసుపత్రి చీటీల దగ్గర, ఎక్కడ వరుస ఉంటే అక్కడికి వాళ్లను తీసుకెళ్లి, వెనక నిలబడి, భుజం మీద చెయ్యి వేసేవాడు. నిలబడటం వచ్చాక మిగతాది చెప్పేవాడు. ఓటు హక్కుపై సదస్సుల్లో నేను చేసిన ప్రసంగాల వల్ల ఒక్కరైనా వెళ్లి ఓటేశారని నాకు నమ్మకం లేదు.

గ్రామసభ అనేది ఒకటుందని, దానికి ఎవరైనా వెళ్లవచ్చునని తెలిశాక ఆయన ఒక్కదానికీ మానలేదు. ఎప్పుడూ ఒకటే ప్రశ్న. కుళాయి నీళ్లు ఉప్పగా ఉన్నాయి, ఎప్పుడు బాగుచేస్తారు. ఒకసారి కొత్తగా వచ్చిన అధికారి ఒకాయన విసుగొచ్చి, ఎవరయ్యా ఈయన అని పక్కవాణ్ణి అడిగాడు. జైలుకెళ్లొచ్చిన మనిషండీ అని పక్కవాడు మెల్లగా చెప్పాడు. మెల్లగా చెప్పినా బావకు వినిపించింది. "నిజమేనండి. అక్కడ నీళ్లు తియ్యగా ఉండేవి" అన్నాడు. సభ అంతా నవ్వింది. అధికారి కూడా నవ్వాడు. నీళ్లు ఇప్పటికీ ఉప్పగానే ఉన్నాయి.

మా అక్కకు ఆయన మీద ఒక ఫిర్యాదు చివరిదాకా ఉండిపోయింది. ఆయన జైల్లో ఉన్నన్నాళ్లూ ఆమె ఓటు ఊరు చెప్పినట్టే పడింది. ఆయన తెడ్డు దాటనన్నాక ఆమెను కట్టేసే మాట ఏదీ లేకుండా పోయింది. "మరి నాకెవులు సెప్తారు? నువ్వైనా సెప్పరాదేటి, ఎవులికెయ్యాలో?" అని ప్రతిసారీ పోరేది. ఆయన నవ్వి, "నాకేటి తెలుసు. నీ సెయ్యి, నీ మీట" అనేవాడు. పోనీ నువ్వెవరికేశావో చెప్పమంటే, "నీకెందుకు" అనేవాడు. పెళ్లానికి కూడా చెప్పకూడని రహస్యమేమిటని ఆమె నాతో చెప్పి నొచ్చుకునేది. ఆ మనిషి తన జీవితంలో రెండు సంగతులు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు కొట్టిందెవరో చెప్పలేదు, తన ఓటెవరికో చెప్పలేదు. మొదటిది చెప్పకూడదని ఊరు మాట తీసుకుంది. రెండోదాని విషయంలో ఆయన్నుంచి ఎవరూ మాట తీసుకోలేదు.

పెద్దకర్మ రోజున జనం బాగా వచ్చారు. పాతపట్నం రైతు వచ్చాడు. అవతలి ఊరినుంచి నూకాలు వచ్చి, పందిరి బయట కాసేపు నిలబడి, అక్కకు కనిపించి వెళ్లిపోయింది. ఎర్రయ్య వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "పంచాయితీ ఓట్లొస్తాయంటన్నారు మేస్టరూ. ఈపాలి నా ఎనకాల ఎవులు నిలబడతారు?" అని అడిగాడు. నేను నిలబడతానని చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. నా ఓటు ఆ ఊళ్లో లేదు, ఆ వరుసలో నిలబడే హక్కు నాకు లేదు. అతను అడిగింది ఆ హక్కు గురించి కాదని కూడా తెలుసు. అంతవరకూ నాకు కన్నీళ్లు రాలేదు. అప్పుడూ రాలేదు గాని, ఎర్రయ్య మొహం వైపు చూడలేకపోయాను.

భోజనాలయ్యాక రాములు పెద్ద నలుగురితో కలిసి వచ్చి అక్క ముందు కూర్చున్నాడు. ముసలివాడైపోయాడు. కళ్లు నిజంగానే చెమ్మగిల్లి ఉన్నాయి. "అమ్మా పోలమ్మా, అప్పన్న లాంటోడు ఈ ఊళ్లో పుట్టలేదు, పుట్టబోడు. ఊరు ఒకటనుకున్నాది. సావిడి గడపలో తెడ్డు సెదలు పట్టిపోనాది. దాని తావులో అప్పన్న తెడ్డు పెట్టుకుంటాం. ఊరున్నన్నాళ్లూ ఆడి పేరు ఉంటాది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఆ ఊరు ఒక మనిషికి ఇవ్వగలిగిన అత్యున్నత గౌరవం అది. రెండోసారి దాటనన్నవాడి తెడ్డునే ఇక ఊరంతా దాటుతుంది. కోపం రావాలని తెలుసు, అదీ రాలేదు. అక్క ఏమంటుందో అని చూశాను.

అక్క తలెత్తి ఆయన వైపు చూసింది. కోపంగా చూడలేదు. "బాబూ, ఒకపాలి మనిషినే అడిగినారు. ఇచ్చినాను. తెడ్డు ఇవ్వను" అంది.

రాములు పెద్ద చేతికర్ర ఊతం చేసుకుని లేచి, అక్కకు చేతులు జోడించి వెళ్లిపోయాడు. మిగతా నలుగురూ ఆయన వెనకే వెళ్లారు. ఆ సాయంత్రం అక్క తెడ్డు తీసుకెళ్లి ఎర్రయ్య పడవలో పెట్టి వచ్చింది. దానితో పని ఉన్నది అతనికే కదా అంది.

బావా, నీకు నా మాటలు పెద్దపెద్దగా అనిపించేవి. ఈ వ్యాసంలో వీలైనన్ని తగ్గించాను. నీ ఓర్పుకు, నీ మౌనానికి, నీ మొండితనానికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. ఊరి మాట కోసం నిన్ను నువ్వు ఇచ్చేశావు, నీ మాట మాత్రం మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు. ఈ రెండూ ఒక్క మనిషిలో ఉండటం నేను మరెక్కడా చూడలేదు. ఇక చూడబోను. నీ చోటు పూడ్చగలవారు ఎవరూ లేరని రాయడం కూడా ఇటువంటి వ్యాసాల్లో ఆచారమే. పోలింగు వరుసలో ఎర్రయ్య వెనక ఉండే ఖాళీ గురించి నేనంటున్నాను. దాన్ని ఎవరు పూడుస్తారో చెప్పమంటే నాకు తెలియదు.

పెద్దకర్మ మర్నాడు ఉదయం విజయనగరం బయలుదేరుతుంటే, అక్క ఒక గిన్నెలో కూర పెట్టి ఇచ్చింది. ఆనపకాయ కూర. ఆ రోజు నేను తెచ్చిన కాయ ముదిరి చెడిపోయిందని, ఇది వేరేదని చెప్పింది. నాతో పాటు ఆటోదాకా నడిచి వచ్చింది. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "ఈసారి ఓట్లప్పుడు ఎవరికేస్తావక్కా?" అని అడిగాను.

అక్క నా మొహంలోకి చూసింది.

"నీకెందుకురా" అంది.